కుడి పక్క పలకలు

హెర్న్‌డన్,
మార్చి 18, 2024

చిరంజీవి అంకితకు,

నేను తేజేశ్వర్ వాళ్ళ అమ్మని, చాముండేశ్వరిని. కవరు మీద పేరు చూశాక కూడా ఇక్కడిదాకా చదివావంటే, మిగతాది కూడా చదువుతావనే ఆశ. ఫోన్ చేస్తే కలవలేదు. మా నంబర్లన్నీ నువ్వు బ్లాక్ చేసి ఉంటావని తేజ అన్నాడు. అందులో నీ తప్పేమీ లేదు. విడాకులై ఏడాది దాటింది, మా ఫోన్లతో నీకేం పని? నువ్వు వెళ్ళేటప్పుడు పోస్టు కోసం చిరునామా రాసిపెట్టిన చీటీ వంటింటి డ్రాయర్‌లో దొరికింది.

నేను ఈ నెల ఐదున వచ్చాను. ఆగస్టు చివరిదాకా ఉంటాను. చలికి బయటికి వెళ్ళలేక బేస్‌మెంట్ సర్దడం మొదలుపెడితే, ట్రెడ్‌మిల్ వెనక పెద్ద అట్టపెట్టెలో నీ చెక్క ఓడ కనిపించింది. రెండు తెరచాప కొయ్యలు పెట్టాల్సిన చేపల ఓడ. పెట్టె మూత మీద స్కూనర్ అని ఉంది.

ఎడమ పక్క పలకలు ఎంత చక్కగా అంటించావమ్మా! గోరు పెట్టి చూసినా సందు తగల్లేదు. కుడి పక్క మాత్రం నుజ్జునుజ్జు. వెళ్ళే ముందు కోపంలో నువ్వే విరగ్గొట్టావని తేజ అప్పట్లోనే చెప్పాడు. నేనప్పుడు ఇండియాలో ఉన్నాను, విన్నదే విన్నాను. కోపం ఎవరికైనా వస్తుంది. కానీ ఇంత ఓపికగా అంటించిన చేతులతోనే ఎలా విరగ్గొట్టావా అని కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

పెట్టె నీకు పంపించనా? వద్దంటే నేనే బాగుచేస్తాను. మొదలుపెట్టిన పని ఎవరో ఒకరు పూర్తి చెయ్యాలి కదా. ఏ జిగురు వాడావో మాత్రం రాయి. ఇక్కడ రెండు సీసాలున్నాయి, రెండూ గడ్డకట్టిపోయాయి.

ఇట్లు
చాముండేశ్వరి


జెర్సీ సిటీ,
ఏప్రిల్ 2, 2024

అత్తయ్యగారికి నమస్కారం.

వేరే ఏమని పిలవాలో తెలియక పాత పిలుపే రాస్తున్నాను.

ఓడ నాకు వద్దు. నేనుండేది పద్నాలుగో అంతస్తులో, ఒక్క గది. ఉన్నది ఒక్కటే టేబుల్. అదే ఆఫీస్, అదే డైనింగ్. ఓడని ట్రాష్‌లో వేసెయ్యండి.

రెండు విషయాలు క్లియర్‌గా చెప్పాలి. ఒకటి, ఈ ఉత్తరం తేజ రాయించి ఉంటే, నేను వెనక్కి రానని చెప్పండి. రెండు, మొదలుపెట్టిన పని పూర్తి చెయ్యాలి అన్నది దేని గురించో నాకు అర్థమైంది. కాపురం మధ్యలో వదిలేశానని అనేవాళ్ళలో మీరు మొదటివారు కాదు. మా అమ్మే అంటుంది.

ఓడ ఎలా విరిగిందన్నది నేను మాట్లాడదలచుకోలేదు.

పలకలకి తెల్ల జిగురు వాడాను. సూపర్‌గ్లూ వాడకండి, చెక్క మీద మరకలు పడతాయి.

అంకిత


హెర్న్‌డన్,
ఏప్రిల్ 15, 2024

చి. అంకితకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివితే గానీ నీ కోపం నాకు అర్థం కాలేదు. నేను ఓడ గురించే రాశాను తల్లీ. ఎవరూ రాయించలేదు. నీకు రాస్తున్నట్టు తేజకి తెలియదు. పొద్దున్న నడకకి వెళ్ళినప్పుడు పోస్టు పెట్టె తెరిచేది నేనే.

ట్రాష్‌లో వెయ్యడం నా వల్ల కాలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో ట్రేసర్‌గా చేశాను. ఇంజనీర్లు గీసిన లాకులు, తూములు, కాలవ గట్లు, అన్నీ పల్చటి ట్రేసింగ్ గుడ్డ మీద సిరాతో మళ్ళీ గీయడం మా పని. ఫ్యాన్ వేస్తే గుడ్డ కదులుతుందని మే నెలలో కూడా ఆపేసుకునేవాళ్ళం. నువ్వు నాలుగేళ్ళు మా కోడలివి. నేనేం ఉద్యోగం చేశానో నువ్వు అడగలేదు, నీ బేస్‌మెంట్‌లో ఏముందో నేనూ అడగలేదు. మొన్న పెట్టె అడుగున నీ డ్రాయింగ్ షీట్లు చూస్తే మళ్ళీ డ్యూటీలో చేరినట్టనిపించింది.

పని మొదలుపెట్టేశాను. విరిగిన పలకలు ఒక్కొక్కటే ఊడదీస్తున్నాను. కొత్త పలకలు వంగడానికి నీళ్ళలో నానబెట్టమని పెట్టెలో ఉన్న చిన్న పుస్తకంలో ఉంది. నేను ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టాను. పది నిమిషాలకి చెప్పినట్టు వింటున్నాయి. ఇడ్లీలకి కాస్త చెక్క వాసన వచ్చిందని తేజ అన్నాడు.

నాలుగో షీటు లేదు. లోపలి పక్కటెముకల కొలతలన్నీ అందులోనే ఉన్నట్టున్నాయి. నీకేమైనా గుర్తుందా?

కాస్త తొందరగా కావాలి. తేజకి నవంబరులో పెళ్ళి అనుకుంటున్నారు. అమ్మాయి పేరు హంసిక, పడమటి తీరంలో బాతెల్ అనే ఊళ్ళో బయోటెక్ కంపెనీలో పని. పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చేసి ఇంటి నుంచే పని చేస్తుందట. బేస్‌మెంట్ ఆమె ఆఫీసు గది చెయ్యాలంటున్నాడు. ఈ సంగతి నీకు ఇంకొకరు చెప్పేకన్నా నేనే చెప్పడం మర్యాద అనిపించింది.

ఇక్కడ పుప్పొడికి కార్లన్నీ పచ్చగా అయిపోయాయి. ఒకటే తుమ్ములు.

చాముండేశ్వరి


జెర్సీ సిటీ,
ఏప్రిల్ 29, 2024

అత్తయ్యగారికి,

సారీ. మీరు నిజంగానే ఓడ గురించి రాశారని ఇడ్లీ పాత్ర దగ్గరికి వచ్చేసరికి నమ్మాను.

నాలుగో షీటు నా దగ్గరే ఉంది. సర్టిఫికెట్ల ఫైల్‌లో మడత పెట్టుకుని వచ్చేశాను, ఎందుకో తెలియదు. ఇందులో పెట్టాను. ఐదు నుంచి ఎనిమిది దాకా పక్కటెముకలు విరిగి ఉంటాయి. పెట్టెలో మిగిలిన పల్చటి చెక్క నుంచి కొత్తవి కోసుకోవచ్చు. ఏడో దాని కొలత మాత్రం షీటులో తప్పు ఉంది. నేను ఒకసారి దాని ప్రకారం కోసి, ఒక చెక్క వేస్ట్ చేశాను. ఎడమ పక్కది చూసి గీసుకోండి.

నేను దీన్ని మొదలుపెట్టింది H-4 వీసా మీద ఉన్నప్పుడు. ఏడాదిన్నర ఉద్యోగం చెయ్యకూడదు, కార్ ఒక్కటే, అది తేజ ఆఫీస్‌కి తీసుకెళ్ళేవాడు. లైబ్రరీకి నడిచి వెళ్తే అక్కడ రిటైరైన తాతగార్లు నలుగురు మంగళవారం మంగళవారం కూర్చుని ఇవి కట్టేవాళ్ళు. నన్ను చూసి జరిగి కుర్చీ వేశారు. వాళ్ళే ఈ కిట్ తెప్పించుకోమన్నారు. రోజుకి రెండు పలకల కన్నా అంటించకూడదని ఒక రూల్ పెట్టుకున్నాను, త్వరగా అయిపోతే మళ్ళీ ఏం చెయ్యాలో తెలియక.

మీరు ట్రేసర్ అని నాకు నిజంగానే తెలియదు. గవర్నమెంట్ జాబ్ అని మాత్రం తేజ చెప్పాడు. నేనూ అడగలేదు.

పెళ్ళి సంగతి చెప్పినందుకు థాంక్స్.

అంకిత


హెర్న్‌డన్,
మే 20, 2024

చి. అంకితకు,

షీటు చేరింది. ఏడో పక్కటెముక నువ్వన్నట్టే మూడు మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తోంది. ఎర్ర సిరాతో దిద్దాను. ఐదు, ఆరు కూర్చోబెట్టాను. బట్టల క్లిప్పులు పదహారు పట్టాయి.

ఇప్పుడు ఒక సంగతి. ఊడదీసిన పలకల్ని పారెయ్యకుండా, వరస తప్పకుండా ఒక కాగితం మీద పేర్చి పెట్టాను. అది నా పాత అలవాటు. నిన్న తడిగుడ్డతో దుమ్ము తుడుస్తుంటే వాటి మీద నల్లటి గీతలు కనిపించాయి. గీతలున్న ఐదు పలకలూ కలిపి చూస్తే అది బూటు మడమ. స్కేలు పెట్టి కొలిచాను. అడ్డంగా ఏడున్నర సెంటీమీటర్లు.

ఇంకోటి. ఓడ టేబుల్ మీంచి కింద పడితే, నేలకి తగిలిన పక్క విరగాలి. నేలకి తగిలింది ఎడమ పక్క, దానికి గీతలు తప్ప ఏమీ కాలేదు. పైకి ఉన్న కుడి పక్క లోపలికి నొక్కుకుపోయింది. అంటే పడ్డాక ఎవరో మీద కాలేశారు.

నీ పాదాలు ఎంతుంటాయో నాకు తెలుసు. పెళ్ళిలో మెట్టెలు తొడిగించింది నేనే. అది నీ మడమ కాదు. నువ్వు విరగ్గొట్టావని మార్చిలో నేను రాసిన మాటని కొలతలు ఒప్పుకోవడం లేదు. ఏం జరిగిందో చెప్తావా?

చాముండేశ్వరి


జెర్సీ సిటీ,
జూన్ 1, 2024

అత్తయ్యగారికి,

ఇప్పుడెందుకు అడుగుతున్నారు? నవంబరులో పెళ్ళి కాబట్టి, నా చేతిరాతతో ఒక కాగితం ఉంటే మంచిదనా? ఏం జరగలేదని రాసిస్తే అందరికీ హాయి. రాసివ్వను. జరిగిందని రాసినా, పగతో పెళ్ళి చెడగొడుతోంది అంటారు. అదీ రాయను.

తొక్కింది నేను కాదు. అంతవరకే.

మిగతాది మీ ఇంట్లోనే ఉన్న మనిషిని అడగండి.

అంకిత


హెర్న్‌డన్,
జూన్ 17, 2024

చి. అంకితకు,

అడిగాను.

నిన్న ఆదివారం భోజనాలయ్యాక, ఆ ఐదు పలకలు కాగితంతో సహా తెచ్చి టేబుల్ మీద పెట్టాను.

“తేజా, వీటి మీద ఎవరు కాలేశారు?”

“అమ్మా, ఇప్పుడా పాతవన్నీ ఎందుకు?”

“పాతదే అడుగుతున్నా.”

“యాక్సిడెంటల్‌గా కింద పడిందమ్మా.”

“పడ్డం సరే. తొక్కడమో?”

చేతిలో ఫోన్ బోర్లా పెట్టాడు. తర్వాత, “ఆ రోజు నా ప్రాజెక్ట్ పోయింది. టీమ్‌లో సగం మందిని తీసేశారు. ఇంటికొస్తే తను కింద పుల్లలు అంటించుకుంటూ కూర్చుంది. పిలిస్తే ఒక్క నిమిషం అంది. నాకు ఒళ్ళు మండింది” అన్నాడు.

“మరి అంకిత విరగ్గొట్టిందని నాకెందుకు చెప్పావు?”

“నువ్వేమనుకుంటావో అని.”

వాళ్ళ నాన్న పోయినప్పుడు తేజకి పదకొండేళ్ళు. ఆఫీసుకి వెళ్తూ ఇంటి తాళంచెవి వాడికే ఇచ్చి వెళ్ళేదాన్ని. చెప్పిన మాట వింటాడు, అబద్ధం ఆడడు అని ఊరంతా చెప్పుకున్నాను. ఆ నమ్మకంతోనే, నిన్ను ఒక్క మాట అడక్కుండా, వాడు చెప్పింది నలుగురికీ చెప్పాను. మా చుట్టాల్లో సగం మందికి ఆ కబురు మోసింది నేనే.

నీ దగ్గర కాగితం రాయించుకోవాలని అడగలేదు. ఇంకొక్కటి అడుగుతాను, ఇష్టమైతేనే చెప్పు. నీ మీద చెయ్యి చేసుకున్నాడా?

చాముండేశ్వరి


జెర్సీ సిటీ,
జూన్ 28, 2024

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం బ్యాగ్‌లో పెట్టుకుని నాలుగు రోజులు ట్రైన్‌లో తిరిగాను. ఎక్స్‌చేంజ్ ప్లేస్ స్టేషన్ దాటాక నది కింది సొరంగంలో సిగ్నల్ ఉండదు, ఎవరూ కాల్ చెయ్యరు. అక్కడే చదివేదాన్ని.

లేదు. నా మీద ఒక్కసారి కూడా చెయ్యి ఎత్తలేదు. అందుకే ఎవరికి చెప్పినా, మరింకేంటి అన్నట్టు చూసేవాళ్ళు. మొదట ఫోన్ గోడకేసి కొట్టాడు. తర్వాత కాఫీ మగ్. తర్వాత పైన గెస్ట్ బాత్రూమ్ తలుపు. దాని చిల్లు కనబడకుండా క్యాలెండర్ తగిలించాడు. ప్రతిసారీ ఏడ్చి సారీ చెప్పేవాడు, అవన్నీ నిజం సారీలే.

ఓడ రోజు నేను పక్కనే నిలబడ్డాను. చేత్తో తోశాడు, పడింది. షూస్‌తో కాలు వేశాడు. అక్కడితో ఆగితే, కోపం అనుకునేదాన్ని. కాలు తీసి, ఎంత విరిగిందో చూసి, మళ్ళీ వేశాడు. ఆ రెండోది చూశాక నాకు అక్కడ నిద్ర పట్టలేదు. నాలుగో రోజు వచ్చేశాను. అప్పటికి నాకు సొంత H-1B వచ్చి ఉద్యోగం ఉంది కాబట్టి రాగలిగాను.

నేను మా అమ్మకి చెప్పేలోపే అతను ఆమెకి ఫోన్ చేసి నేనే విరగ్గొట్టానని చెప్పాడు. నేను చెప్తే, “కొయ్య బొమ్మ కోసం కాపురం వదులుకుంటారటే?” అంది. రెండేళ్ళు కావొస్తోంది. ఫోన్ చేస్తే ఆరోగ్యం అడిగి నాన్నకి ఇచ్చేస్తుంది.

ఇది మీరు ఎవరికి చెప్పినా నాకు అభ్యంతరం లేదు. చెప్పకపోయినా సరే. హంసిక నాకు తెలియదు.

ఏడో పక్కటెముక సరిపోయిందా?

అంకిత


హెర్న్‌డన్,
ఆగస్టు 26, 2024

చి. అంకితకు,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. చెయ్యాల్సినవి చేశాక రాద్దామని ఆగాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే పైకి వెళ్ళి క్యాలెండర్ తీసి చూశాను. మళ్ళీ తగిలించలేదు. ఇప్పుడు వాడు రోజూ చూస్తున్నాడు.

హంసిక జులై నాలుగు సెలవులకి ఇక్కడికి వచ్చింది. నెమ్మదైన పిల్ల, నవ్వు మొహం. బేస్‌మెంట్ చూస్తానని దిగి వచ్చి, “ఆంటీ, ఇది మీరే కట్టారా?” అంది. ఎడమ పక్క అంకిత కట్టింది, కుడి పక్క నేను కడుతున్నాను అన్నాను. రెండు వైపులా ఎందుకు ఇద్దరు కట్టాల్సి వచ్చిందని అడిగింది. చెప్పాను. పలకలు చూపించాను. తలుపు కూడా. నువ్వు రాసిందానికి ఒక్క మాట ఎక్కువ కలపలేదు, తక్కువ చెయ్యలేదు.

“మీరు ఆయన మదర్ కదా ఆంటీ. నాకెందుకు చెప్తున్నారు?” అంది.

“మొదటిసారి నేను ఏమీ కనుక్కోలేదమ్మా. ఈసారి కనుక్కున్నాను” అన్నాను.

నవంబరు ముహూర్తం రద్దు చేశారు. పెళ్ళి వద్దని ఆమె అనలేదు, ఉందనీ అనలేదు. ఎవరైనా థెరపిస్ట్ దగ్గరికి ఒక ఏడాది వెళ్ళమంది, ఆ తర్వాత మాట్లాడదామంది. తేజ ఆరు వారాలు నాతో మాట్లాడలేదు. కంచం పట్టుకుని పైకి వెళ్ళిపోయేవాడు. నేను వండేదాన్ని, కిందికి వెళ్ళి పలకలు అంటించేదాన్ని. బుధవారాలు ఎక్కడికో వెళ్తున్నాడు. ఎక్కడికని అడగలేదు.

ఓడకి రెండు పక్కలూ అయిపోయాయి, పైన డెక్ కూడా. తెరచాప కొయ్యలు పెట్టలేదు. పెడితే పెట్టెలో పట్టదు. తాళ్ళు కట్టడానికి మూడు కన్నాల బిళ్ళలు చిన్న డబ్బాలో విడిగా పెట్టాను. వద్దన్నావని తెలిసీ పంపిస్తున్నాను. టేబుల్ మీద చోటు లేకపోతే కిటికీలో పెట్టు. కుడి పక్క నీ అంత బాగా రాలేదు. ముందు వైపు రెండు చోట్ల సందు పడింది.

నిన్న పెట్టె కడుతుంటే తేజ మెట్లు దిగి వచ్చాడు. టేప్ తెచ్చి ఇచ్చి, “అమ్మా, నువ్వు నా వైపు ఉండాలి కదా” అన్నాడు. “ఇంకెవరి వైపు ఉన్నాన్రా?” అన్నాను. అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చాడు. నేను ఊరుకోబెట్టలేదు. తర్వాత, “తనకి సారీ చెప్పానని రాస్తావా?” అన్నాడు. రాయను, నీకు చేతులున్నాయి కదా, నువ్వే రాయి, నాకు చెప్పిన అబద్ధం కూడా అందులో రాయి అన్నాను. రాస్తాడో లేదో తెలియదు. రాస్తే, చదవాలో చించెయ్యాలో నీ ఇష్టం. నేను ఎప్పుడూ అడగను.

ఎల్లుండి నా ప్రయాణం. ధవళేశ్వరం చిరునామా వెనక రాశాను. చుట్టాల్లో ఎవరెవరికి ఏమేం చెప్పానో గుర్తు చేసుకుని జాబితా వేసుకున్నాను. పద్నాలుగు ఇళ్ళు. వెళ్ళగానే తిరగాలి.

చాముండేశ్వరి


జెర్సీ సిటీ,
అక్టోబరు 13, 2024

అత్తయ్యగారికి నమస్కారం.

ఓడ క్షేమంగా చేరింది. ఒక్క పలక కదల్లేదు. మీరు చెప్పిన సందులు నాకు కనిపించాయి, లోపలి నుంచి చెక్కపొడి, జిగురు కలిపి పూడ్చాను. ముందు తెరచాప కొయ్య నిలబెట్టాను, వెనకది ఈ వారం. ఇప్పుడు తినడం కిచెన్ కౌంటర్ దగ్గర నిలబడే. టేబుల్ దానిదైపోయింది. పక్క బిల్డింగ్‌లో ఉండే మైత్రి అని ఒక ఫ్రెండ్ చూసి, తనకీ నేర్పించమంది. శనివారాలు వస్తోంది. చాలా మాట్లాడుతుంది, చాలా జిగురు పోస్తుంది.

తేజ ఉత్తరం సెప్టెంబరులో వచ్చింది. వారం తర్వాత తెరిచాను. ఏడు లైన్లు ఉంది. ఓడని తొక్కింది నేను, రెండుసార్లు తొక్కాను, నువ్వు విరగ్గొట్టావని మా అమ్మకి, మీ అమ్మకి చెప్పింది అబద్ధం అని రాశాడు. తలుపు గురించి, మగ్ గురించి కూడా ఉంది. క్షమించమని అడగలేదు. అడిగి ఉంటే నేను ఏం చెయ్యాలా అని ఆలోచించాల్సి వచ్చేది. జవాబు రాయలేదు, రాయను కూడా.

కానీ దాన్ని ఫోటో తీసి మా అమ్మకి పంపాను. కింద ఏమీ రాయలేదు. చూసినట్టు టిక్ వచ్చింది. రెండు రోజులు ఏమీ లేదు.

మూడో రోజు నేను ఆఫీస్ నుంచి వస్తుంటే, స్టేషన్ మెట్ల దగ్గర అమ్మ ఫోన్. అక్కడప్పుడు తెల్లవారుజామున నాలుగున్నర. నేను భయపడి, నాన్నకి ఏమైనా అయిందా అన్నాను.

“నాన్న బాగానే ఉన్నారు. ఆ తలుపుకి చిల్లు ఎంతుందే?” అంది.

పిడికిలి పట్టేంత అని చెప్పాను. మనుషులు నన్ను తప్పించుకుని దిగుతున్నారు. నేను పక్కకి జరిగి గోడకి ఆనుకున్నాను.

“నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదే?” అంది.

“చెప్పానమ్మా” అన్నాను.

“చెప్పావు” అంది.

అంకిత